వైజాగ్ ఎంపీ సీటు: 4,414 ఓట్ల నుంచి 5 లక్షల మెజారిటీ దాకా

4,414. ముందు ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి. 2019లో విశాఖపట్నం లోక్‌సభ సీటు గెలుపోటముల మధ్య తేడా ఇది. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకి పంచితే ఒక్కోదానికి దాదాపు 630 ఓట్లు. అంటే ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ ఆ రోజు పొద్దున్నే లేచి క్యూలో నిలబడి ఉంటే అయిపోయే పని. సరిగ్గా అయిదేళ్లకి, అదే సీటు, ఓడిన అదే అభ్యర్థి, ఈసారి 5,04,247 మెజారిటీతో గెలిచాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ సీటూ ఇంత ఊగదు అనిపిస్తుంది కదా? కానీ లోపలికి వెళ్లి లెక్క చూస్తే వేరే కథ కనిపిస్తుంది. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

నమస్తే అందరికీ. ఇవాళ్టి ఎపిసోడ్ మన వైజాగ్ ఎంపీ సీటు మీద. ముందే చెప్పేస్తున్నా, నాది గాజువాక. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయ్యారు, నా బీటెక్ ఫీజు ఆ జీతంలోంచే కట్టారు. కాబట్టి పార్టీల విషయంలో నేను ఎవరి జెండా మొయ్యను కానీ, ప్లాంట్ విషయంలో మాత్రం నన్ను న్యూట్రల్ అంపైర్ అనుకోకండి.

సరే, 1952కి వెళ్దాం. మొదటి లోక్‌సభ ఎన్నికలు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు, ఆంధ్ర రాష్ట్రం కూడా లేదు. వైజాగ్ మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా కేంద్రం. అప్పుడు విశాఖపట్నం సీటు నుంచి ఒకరు కాదు, ఇద్దరు ఎంపీలు వెళ్లారు. అవును, ద్విసభ్య నియోజకవర్గం అనేవాళ్లు. ఒక జనరల్ సీటు, ఒక రిజర్వ్‌డ్ సీటు, ఓటరుకి రెండు ఓట్లు. బ్యాలెట్ మీద ముద్ర వెయ్యడం కూడా లేదు అప్పుడు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అంటించేవాళ్లు. మనం కాగితం తీసుకెళ్లి నచ్చిన డబ్బాలో వేసి రావడమే. ఈ ద్విసభ్య పద్ధతిని 1961లో చట్టం చేసి తీసేశారు.

ఆ ఎన్నికల్లో గెలిచిన ఇద్దరూ ఇండిపెండెంట్లే. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లు కాలేదు, నెహ్రూ గారి గాలి, అయినా వైజాగ్ కాంగ్రెస్‌ని పక్కన పెట్టింది. ఒకరు డాక్టర్ లంకా సుందరం. రెండోవారి పేరు విన్నారా? గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటంలో గాం గంటందొర, గాం మల్లుదొర అని అన్నదమ్ములు ఉంటారు కదా, ఆ మల్లుదొరే. గంటందొర 1924లో కాల్పుల్లో చనిపోయారు. మల్లుదొర పట్టుబడి, శిక్ష పడి, అండమాన్ జైలు చూసి, బతికి బయటపడి, చివరికి ఢిల్లీలో పార్లమెంట్‌లో కూర్చున్నారు. బ్రిటిష్ వాళ్ల పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసిన మనిషి, స్వతంత్ర దేశంలో చట్టాలు చేసే సభలో! మన సినిమాల్లో అల్లూరి కథ ఎప్పుడూ ఆయన మరణంతో ఆగిపోతుంది. నాకైతే మల్లుదొర కథే ఇంకో సినిమా. బీచ్ రోడ్‌లో అన్ని విగ్రహాలు ఉన్నాయి, ఈ సీటు మొదటి ఎంపీల్లో ఒకరైన ఈయన పేరు మాత్రం మా కాలేజ్ బ్యాచ్‌లో పదిమందిని అడిగితే ఒక్కడికీ తెలియలేదు.

తర్వాత పదేళ్లు పూసపాటి వారిది. 1957లో పి.వి.జి. రాజు గారు గెలిచారు. విజయనగరం సంస్థానం రాజావారు, కానీ గెలిచింది సోషలిస్టుగా. రాజు సోషలిస్టు ఏంటి అని నవ్వకండి, తన ఆస్తులు, కోటతో సహా, మాన్సాస్ ట్రస్ట్‌కి రాసి కాలేజీలు నడిపించిన మనిషి ఆయన. 1962లో ఆయన బాబాయి, మహారాజ్ కుమార్ ఆఫ్ విజయనగరం, కాంగ్రెస్ తరఫున గెలిచారు. క్రికెట్ ఫాన్స్‌కి తెలిసిపోయి ఉంటుంది, విజ్జీ! 1936లో ఇంగ్లండ్ టూర్‌కి ఇండియా కెప్టెన్. ఆ టూర్‌లో లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపేసిన వివాదం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ విజ్జీ మన వైజాగ్ ఎంపీ. 1965 డిసెంబర్‌లో చనిపోయారు.

ఇక్కడి దాకా ఇది పాత పద్ధతి రాజకీయం. పెద్ద పేరు, పెద్ద కుటుంబం, పెద్ద మనిషి. 1966 దాన్ని మార్చేసింది.

ఏం జరిగిందంటే, దేశంలో అయిదో స్టీల్ ప్లాంట్ ఎక్కడ పెట్టాలి అని కేంద్రం ఒక ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందంతో స్టడీ చేయించింది. వాళ్లు విశాఖపట్నం బెస్ట్ అన్నారు. పోర్ట్ ఉంది, 1933 నుంచి నడుస్తోంది. షిప్‌యార్డ్ ఉంది, స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ జల ఉష 1948లో ఇక్కడే నీళ్లలోకి దిగింది. రైలు ఉంది. కానీ వేరే రాష్ట్రాలు కూడా మాకే కావాలన్నాయి, ఢిల్లీ నాన్చింది. 1966 అక్టోబర్ 15న టి. అమృతరావు గారు వైజాగ్‌లో ఆమరణ దీక్షకి కూర్చున్నారు. ఆయన వైజాగ్ మనిషి కాదు, గుంటూరు జిల్లా వారు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత "లోకల్, నాన్ లోకల్" గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది.

దీక్షతో పాటు స్టూడెంట్లు రోడ్డెక్కారు. ఆంధ్రా యూనివర్సిటీ నుంచి మొదలైంది, రాష్ట్రమంతా పాకింది. నవంబర్ 1న, అంటే సరిగ్గా ఆంధ్రప్రదేశ్ అవతరణ రోజున, వైజాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తం మీద 32 మంది చనిపోయారు. అందరూ వైజాగ్ వాళ్లు కాదు, విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్లలో కూడా ప్రాణాలు పోయాయి. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న స్లోగన్‌లో "విశాఖ హక్కు" అని ఎందుకు లేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఎక్కడెక్కడి కుర్రాళ్లో తమ ఊళ్లో పెట్టని ఫ్యాక్టరీ కోసం చచ్చిపోయారు. నేను ఈ ఎపిసోడ్ రాసుకుంటూ ఆ లైన్ దగ్గర కాసేపు ఆగిపోయా, నిజంగా. మా క్వార్టర్ పక్కన గ్రౌండ్‌లో నేను క్రికెట్ ఆడుకున్నా. ఆ గ్రౌండ్ వెనక ఇంత ఉందని స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఉద్యమానికి ముందు నిలబడిన పెద్ద నాయకుల్లో తెన్నేటి విశ్వనాథం గారు ఒకరు. ప్రకాశం పంతులు గారి శిష్యుడు, 1953లో ఆంధ్ర రాష్ట్ర మొదటి ప్రభుత్వంలో మంత్రి. 1967 ఎన్నికల్లో ఆయన వైజాగ్ నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచారు. రాష్ట్రంలో చాలా చోట్ల కాంగ్రెస్ హాయిగా గెలుస్తుంటే, ఇక్కడ మాత్రం కాల్పులు జరిగి కొన్ని నెలలే అయింది, జనం మర్చిపోలేదు. నా దృష్టిలో ఈ సీటు చరిత్రలో ఒక ఇష్యూ మీద పడిన అసలైన ఓటు అదొక్కటే. మిగతావన్నీ ఎక్కువ తక్కువగా రాష్ట్రంలో వీచిన గాలులే. కైలాసగిరి వెళ్లే దారిలో తెన్నేటి పార్క్ ఉంది కదా, 2020లో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కుపోతే అందరం సెల్ఫీలు దిగిన చోటు, ఆ తెన్నేటి ఈయనే.

1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంట్‌లో ప్లాంట్ ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన. అయిపోయిందా? అబ్బే. శంకుస్థాపన రాయి అలాగే ఉండిపోయింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1982లో ఆర్ఐఎన్ఎల్ కంపెనీ, 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. దానికి గోదావరి అని పేరు పెట్టారు, రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. దీక్షకి కూర్చున్న రోజు నుంచి లెక్కేస్తే దాదాపు 26 ఏళ్లు. మన ప్రాజెక్టులు డెడ్‌లైన్ దాటితే మేనేజర్ ప్రాణం తీసేవాడు, ఇక్కడ ఒక తరమే దాటిపోయింది.

ఈ గ్యాప్‌లో ఇంకోటి జరిగింది, ఎన్నికల కథల్లో దీన్ని ఎవరూ చెప్పరు. ప్లాంట్ కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. భూమి ఇచ్చిన కుటుంబాలకి ఉద్యోగంలో ప్రాధాన్యం అని ఆర్ కార్డులు ఇచ్చారు. ఆ కార్డులు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లైనవాళ్లు, కార్డు కొడుకు పేరు మీదికి మార్చమని తిరిగినవాళ్లు ఉన్నారు. "నిర్వాసితులు" అనే పదం గాజువాక, పెదగంట్యాడ వైపు పుట్టినవాడికి డిక్షనరీ చూడక్కర్లేదు. ప్రతి ఎన్నికకీ అన్ని పార్టీల మేనిఫెస్టోలో ఒక లైన్ వీళ్లకి ఉంటుంది.

ఆ మధ్య ఎన్నికలు స్పీడ్‌గా చూసేద్దాం. 1971లో మళ్లీ పి.వి.జి. రాజు, ఈసారి కాంగ్రెస్. 1977లో ద్రోణంరాజు సత్యనారాయణ, కాంగ్రెస్. దేశమంతా ఎమర్జెన్సీ కోపంతో ఇందిరని ఓడిస్తే ఆంధ్రాలో 42కి 41 కాంగ్రెస్సే గెలిచింది, వైజాగ్ కూడా ఆ 41లో ఒకటి. 1980లో కొమ్మూరు అప్పలస్వామి, కాంగ్రెస్. 1984లో ఎన్టీఆర్ గాలి, భాట్టం శ్రీరామమూర్తి, టీడీపీ. 1989లో ఉమా గజపతిరాజు, కాంగ్రెస్, పూసపాటి కుటుంబం మళ్లీ. 1991లో ఎం.వి.వి.ఎస్. మూర్తి, టీడీపీ.

మూర్తి గారి దగ్గర ఆగుదాం, ఎందుకంటే ఇక్కడి నుంచే సీటు క్యారెక్టర్ మారింది. ఆయన తూర్పు గోదావరి నుంచి వచ్చి వైజాగ్‌లో సెటిల్ అయిన వ్యాపారి. కూల్‌డ్రింక్ వ్యాపారం వల్ల ఊళ్లో గోల్డ్ స్పాట్ మూర్తి అనేవారు. 1980లో గీతం కాలేజీ పెట్టారు, మీలో సగం మంది ఫ్రెండ్స్ అక్కడే చదివుంటారు. ఆయన తర్వాత 1996, 1998లో టి. సుబ్బరామిరెడ్డి, కాంగ్రెస్. నెల్లూరు వారు, కాంట్రాక్టర్, సినిమా నిర్మాత. శివరాత్రికి ఆర్కే బీచ్‌లో పెద్ద పెద్ద పూజలు పెట్టేవారు, సినిమా వాళ్లని తెచ్చేవారు. 1999లో మళ్లీ మూర్తి. 2004లో నేదురుమల్లి జనార్దనరెడ్డి, మాజీ ముఖ్యమంత్రి, ఈయనా నెల్లూరే. 2009లో దగ్గుబాటి పురందేశ్వరి, ఎన్టీఆర్ కూతురు, అప్పటికి బాపట్ల ఎంపీ, కేంద్ర మంత్రి. 2014లో బీజేపీ నుంచి కంభంపాటి హరిబాబు.

ప్యాటర్న్ కనిపిస్తోందా? నా ఫ్రెండ్ ఒకడు దీన్ని "పేయింగ్ గెస్ట్ సీటు" అంటాడు. ఉత్తరాంధ్ర వాళ్ల బాధ ఇది: పక్కనే శ్రీకాకుళం, విజయనగరం సీట్లలో అక్కడ పుట్టినవాళ్లే కొట్లాడుకుంటారు, వైజాగ్ మాత్రం డబ్బు, పరిచయాలు ఉన్నవాడు ఎక్కడి నుంచైనా వచ్చి దిగే ఎయిర్‌పోర్ట్. ఈ కోపంలో న్యాయం ఉంది. కానీ నేను సగమే ఒప్పుకుంటా. ఎందుకంటే ఈ ఊరే వలసతో కట్టిన ఊరు. నేవీ, పోర్ట్, షిప్‌యార్డ్, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, యూనివర్సిటీ. మా సెక్టార్‌లో ఒక మెట్ల వరుసలో ఒరియా ఫ్యామిలీ, బెంగాలీ ఫ్యామిలీ, కృష్ణా జిల్లా వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, మేము. ఇందులో లోకల్ ఎవడు? గుంటూరు నుంచి వచ్చి దీక్షకి కూర్చున్న అమృతరావు నాన్ లోకల్ అయితే, ఆ నాన్ లోకల్ లేకపోతే మా నాన్నకి ఉద్యోగమే లేదు.

అసలు ప్రశ్న ఎక్కడ పుట్టాడని కాదు, ఓడిపోయాక ఊళ్లో కనిపిస్తాడా అని. 1967 నాటి తెన్నేటికి ఊళ్లో పనుంది కాబట్టి పార్లమెంట్‌కి వెళ్లారు. తర్వాత చాలామందికి పార్లమెంట్‌లో పనుంది కాబట్టి ఊరికి వచ్చారు.

2014 ఇంకా తమాషా. విభజన చట్టం వచ్చాక మొదటి ఎన్నిక. హరిబాబు మీద వైఎస్ విజయమ్మ పోటీ. బయటి జిల్లా వాళ్లు వస్తే భూములు పోతాయి, వైజాగ్ ప్రశాంతత పోతుంది అన్న ప్రచారం ఊళ్లో గట్టిగా నడిచింది. విజయమ్మ 90,488 ఓట్లతో ఓడిపోయారు. గెలిచిన హరిబాబు గారిది ఏ జిల్లా? ప్రకాశం! కానీ ఆయన ఇక్కడే ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, అక్కడే ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసి, దశాబ్దాలుగా ఊళ్లో తిరిగిన మనిషి. అంటే జనం కూడా బర్త్ సర్టిఫికెట్ చూసి ఓటెయ్యలేదన్నమాట.

ఇప్పుడు 2019. ఎపిసోడ్‌కి అసలు మసాలా ఇక్కడుంది. వైసీపీ నుంచి ఎం.వి.వి. సత్యనారాయణ, బిల్డర్. టీడీపీ నుంచి శ్రీభరత్, ఎం.వి.వి.ఎస్. మూర్తి గారి మనవడు, బాలకృష్ణ చిన్నల్లుడు. జనసేన నుంచి సీబీఐ మాజీ జేడీ లక్ష్మీనారాయణ. బీజేపీ నుంచి పురందేశ్వరి. రాష్ట్రమంతా జగన్ సునామీ, 175లో 151. కానీ సిటీలో చూడండి: ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్, నాలుగు అసెంబ్లీ సీట్లూ టీడీపీకే. వైసీపీకి గాజువాక, భీమిలి, శృంగవరపుకోట. అంటే ఏడులో నాలుగు టీడీపీ గెలిచి కూడా ఎంపీ సీటు 4,414తో పోగొట్టుకుంది.

ఎలా? వైసీపీకి 4,36,906. టీడీపీకి 4,32,492. లక్ష్మీనారాయణకి 2 లక్షల 88 వేలకు పైగా. జనసేనాని పవన్ కల్యాణ్ స్వయంగా గాజువాకలో ఓడిపోయిన ఎన్నికలో, అదే పార్టీ ఎంపీ అభ్యర్థికి అన్ని ఓట్లు వచ్చాయి. సిటీలో చాలామంది ఎమ్మెల్యేకి ఒక గుర్తు, ఎంపీకి ఇంకో గుర్తు నొక్కారు. ఇంకో చిన్న విషయం. ఎన్నికలకి ముందు ఫిబ్రవరిలోనే కేంద్రం వైజాగ్ కేంద్రంగా రైల్వే జోన్ ప్రకటించింది, దశాబ్దాల డిమాండ్. అయినా అంతకుముందు గెలిచిన సీట్లో బీజేపీకి వచ్చింది దాదాపు 34 వేలు. ప్రకటనకి ఓట్లు రాలవు, ఇక్కడ జనం 1971 శంకుస్థాపన రాయిని ఇరవై ఏళ్లు చూసిన జనం.

2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ స్టీల్ ప్లాంట్‌లో వంద శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఓకే చెప్పింది. కూర్మన్నపాలెం దగ్గర టెంట్ వేశారు, రిలే దీక్షలు ఏళ్ల తరబడి నడిచాయి. గాజువాకలో పల్లా శ్రీనివాసరావు ఆమరణ దీక్ష చేశారు. గంటా శ్రీనివాసరావు ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చారు, అది మూడేళ్లకి ఆమోదం పొందింది! అసెంబ్లీ ప్రైవేటీకరణ వద్దని తీర్మానం చేసింది. అంటే రాష్ట్రంలో రూలింగ్, అపోజిషన్ రెండూ వద్దన్నాయి.

మరి 2024లో ఉక్కు ఓటు ఎటు పడాలి? అమ్ముతామన్న బీజేపీ, వద్దన్న టీడీపీ, జనసేన ఒకే కూటమి. వద్దన్న వైసీపీ ఎదురుగా. 1967లో ఓటరు ముందు క్లియర్‌గా రెండు దారులున్నాయి, 2024లో ఈవీఎం మీద ఉక్కుకి బటన్ లేదు. గాజువాకలో పల్లా 95,235 మెజారిటీతో గెలిచారు, రాష్ట్రంలోనే హయ్యెస్ట్. కూటమి ఏడుకి ఏడు సెగ్మెంట్లూ కొట్టేసింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన లెక్క. 2024లో శ్రీభరత్‌కి 9,07,467. వైసీపీ అభ్యర్థి బొత్స ఝాన్సీ లక్ష్మికి 4,03,220. 5 లక్షల తేడా చూస్తే వైసీపీ కొట్టుకుపోయింది అనిపిస్తుంది. కానీ 2019లో వైసీపీకి వచ్చింది ఎంత? 4,36,906. తగ్గింది సుమారు 34 వేలు, అంతే! మరి మిగతా కొండ ఎక్కడిది? 2019లో విడివిడిగా పోటీ చేసిన టీడీపీ, జనసేన, బీజేపీ ఓట్లు కలిపితే దాదాపు 7 లక్షల 55 వేలు. దాని మీద ఇంకో లక్షన్నర చేరింది. అంటే 4,414 నుంచి 5 లక్షలకి మారడంలో పెద్ద ముక్క జనం మనసు కాదు, పొత్తు. జనం అప్పుడూ ఇంచుమించు అక్కడే ఉన్నారు, అభ్యర్థులు ముగ్గురుగా నిలబడ్డారు. ఆ అదనపు లక్షన్నరే అసలు మారిన గాలి. మూడు రాజధానులు, రుషికొండ, ఉక్కు, బెంగళూరు హైదరాబాద్‌ల నుంచి బస్సులెక్కి వచ్చిన మనలాంటి వాళ్లు, అన్నీ అందులో ఉండొచ్చు. టీవీలో "చారిత్రక తీర్పు" అన్నప్పుడల్లా ఒక స్ప్రెడ్‌షీట్ ఓపెన్ చెయ్యండి, పది నిమిషాల పని.

2025 జనవరిలో కేంద్రం ప్లాంట్‌కి 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. మా నాన్న ఆ రోజు టీవీ చూసి, "అమ్మం అని రాసిచ్చారా?" అని ఒక్క మాట అడిగి భోజనానికి కూర్చున్నారు.

నెక్స్ట్ ఎపిసోడ్ అనకాపల్లి. 2008 డీలిమిటేషన్ తర్వాత పెందుర్తి అటు వెళ్లిపోయింది కదా, వైజాగ్‌లో ఉంటూ అనకాపల్లి ఎంపీకి ఓటేసే వాళ్ల కథ అక్కడ చెప్తా. బై.